ఛీ అక్క

పప్పు గిన్నెలో ముసలామె బొటనవేలు సగం దాకా మునిగింది.

జ్యోతిరాణి కళ్లు తిప్పుకోలేదు. ఎదురుగా స్టాండు మీద పెట్టిన ఫోను కూడా ఆ వేలినే చూస్తోంది. గోటి కింద నల్లటి మట్టి. ముసలామె ఆ వేలిని కొంగుకు తుడుచుకొని, మళ్లీ అన్నం గంటె పట్టుకుంది.

"చూస్తున్నరా? కరీంనగర్ బైపాస్ పొంటి ఉన్న హోటలిది. పేరు చెప్ప. మొఖాలు చూపియ్య. చూపిస్తె కేసులు ఏస్తరు" అంది జ్యోతిరాణి ఫోను వైపు తిరిగి.

రేకుల షెడ్డు. రెండు బల్లలు. మూలన నీళ్ల డ్రమ్ము, దాని అంచు చుట్టూ పాకుడు. బల్ల తుడిచిన గుడ్డతోనే పళ్లెం కూడా తుడిచింది ముసలామె. ఆ గుడ్డ ఒకప్పుడు ఏ రంగులో ఉండేదో చెప్పలేం. పులిసిపోయిన వాసన ముక్కుకు గుప్పున కొట్టింది. నిన్నటి కూరో, మొన్నటిదో.

జ్యోతిరాణి బతుకుతున్నదే ఈ రోత మీద.

నాలుగేళ్ల కిందట ప్రైవేటు బడిలో పంతులమ్మ ఉద్యోగం మానేసి వంటల బ్లాగు మొదలుపెట్టింది. సర్వపిండి, పచ్చిపులుసు, జొన్న గటక. శ్రద్ధగా ఫొటోలు తీసి, కొలతలతో సహా రాసేది. చదివేవాళ్లు వందమంది కూడా ఉండేవాళ్లు కాదు. తర్వాత ఊరూరా తిరిగి, మంచి హోటళ్లను మెచ్చుకుంటూ వీడియోలు పెట్టింది. అవీ అంతే. ఒకరోజు ఇచ్చోడ దాటాక రోడ్డు పక్కన తింటుంటే వంకాయ కూరలో పురుగు కదిలింది. కెమెరా ముందే భళ్లున కక్కుకుంది. వారం తిరిగేసరికి ఆరు లక్షల మంది చూశారు.

అప్పటి నుంచి జనానికి ఆమె మెచ్చుకోలు అక్కర్లేదు. ఆమె వాంతులు కావాలి. పేరు కూడా వాళ్లే పెట్టారు, ఛీ అక్క అని. గిన్నెలు తోమే సబ్బు కంపెనీ ఒకటి వెతుక్కుంటూ వచ్చి ప్రకటనలు ఇచ్చింది. వారానికో వీడియో రావాలన్నది షరతు. ఇల్లు గడిచేది ఆ సబ్బుతోనే.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, ఆమె మొహం అందరికీ తెలిసిపోయింది. జమ్మికుంట నుంచి ఆదిలాబాద్ దాకా ఎక్కడ స్కూటీ ఆపినా, ఆమె దిగేలోపే బల్లలు కడిగేస్తున్నారు. వడ్డించేవాళ్ల తలలకు టోపీలు, చేతులకు తొడుగులు. పొగలు కక్కే అన్నం, అప్పుడే తాలింపు పెట్టిన పప్పు. "మంచిగున్నదా మేడం? ఇంకొంచెం ఏసుకోండ్రి మేడం" అంటూ పక్కనే నిలబడుతున్నారు. మూడు వారాలు తిరిగింది. కడుపు నిండింది గానీ వీడియో దొరకలేదు. ఈ వారం కూడా రాకపోతే వేరేవాళ్లను చూసుకుంటామని కంపెనీవాళ్లు తేల్చి చెప్పేశారు.

ఇన్నాళ్లకు ఈ పళ్లెం.

"ఏందవ్వా గిది?" కూరలోకి వేలు చూపించింది. చిక్కుడుకాయ ముక్కల మధ్య బొద్దింక నూనెలో మెరుస్తోంది.

"మసాల అయ్యుంటది" అంది ముసలామె అదురూ బెదురూ లేకుండా. "అవుతల పెట్టి తిను."

"మసాలకు కాళ్లుంటయా?"

"తింటె తిను, లేకుంటె లే. నిన్నేమన్న బొట్టు పెట్టి పిలిచిన్నా?"

జ్యోతిరాణి ముద్ద కలిపింది. నటిస్తే జనం పట్టేస్తారు. నిజంగా తినాలి. నిజంగా మింగాలి. ముద్ద నోట్లో పెట్టగానే జిగట తగిలింది. పళ్ల మధ్య ఏదో పటుక్కుమంది. కడుపులోంచి పులుపు గొంతు దాకా ఎగదన్నింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అయినా మింగింది.

"నీకు పిల్లలున్నరా అవ్వా?" అడిగింది. "నీ కడుపున పుట్టినోళ్లకైతే గిట్లనే పెడ్తవా?"

ముసలామె చేతిలో గంటె ఆగిపోయింది. ఇంతసేపూ దబాయించిన మనిషి ఒక్కసారిగా తల దించేసుకుంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకొని గబగబా లోపలికి వెళ్లిపోయింది.

ఆ మొహం చూడలేకపోయిందో, నోట్లో జిగటే తట్టుకోలేకపోయిందో, జ్యోతిరాణి ఫోను లాక్కొని బయటికి పరుగెత్తింది. గోడ వార వంగి కక్కింది. పొద్దున తాగిన చాయ్ కూడా వచ్చేసింది. చేతిలోని ఫోను అదంతా తీస్తూనే ఉంది.

ఈ వీడియో కింద ఏం రాస్తారో ఆమెకు ముందే తెలుసు. ఆ ముసలిదాన్ని చెప్పుతో కొట్టాలె అక్కా. దాని నోట్లె గదే కూర కుక్కాలె అక్కా. వాటికి లైకులు, నవ్వు బొమ్మలు. తలచుకోగానే రెండోసారి కడుపు తిప్పింది. ఈసారి బయటికి రావడానికి ఏమీ లేదు. కూర మీదో, చూసేవాళ్ల మీదో, తన మీదో తెలియని రోత ఒకటి గొంతులో అడ్డంపడింది.

ఫోను ఆపేసి మూతి తుడుచుకుంది.

వెనక నుంచి వచ్చి, గోటి కింద మట్టి ఉన్న ఆ చేత్తోనే కూతురి వీపు మెల్లగా నిమురుతూ తల్లి అడిగింది: "మంచిగ వచ్చిందా బిడ్డా, లేకుంటె ఇంకోపాలి తీద్దామా, బల్లిని గూడ పట్టి డబ్బల ఏసిపెట్టిన?"