ఎత్తిన చెయ్యి

కాళ్ళకింద నేల అందలేదు. డారిల్ మరోసారి కాలు కిందికి చాపి వెతికాడు. నీళ్ళు తప్ప ఏమీ తగల్లేదు.

తను ఎక్కి వచ్చిన బోర్డును ఇందాకటి పెద్ద అల లాక్కుపోయింది. అది నురగలో తిరగబడి ఒడ్డువైపు కొట్టుకుపోతోంది. అతను మాత్రం సముద్రం లోపలికి పోతున్నాడు. ఈత రాక కాదు. కొలనులో ఆగకుండా ఎన్ని చుట్లయినా కొడతాడు. కానీ కొలను మనిషిని లోపలికి లాగదు. ఇక్కడ నీళ్ళు లాగుతున్నాయి.

అతని పైప్రాణాలు పైనే పోయాయి. పక్కనే ఉన్న ముసలావిడ మెడ వాటేసుకున్నాడు. ఇద్దరూ మునిగారు. ముక్కులోకీ నోట్లోకీ ఉప్పునీళ్ళు పోయాయి. ఆవిడ అతని పొట్టలో మోకాలితో ఒక్కటిచ్చి విడిపించుకుంది.

“నన్ను పట్టుకుంటే ఇద్దరం పోతాం నాయనా. వెల్లకిలా పడుకో. నీళ్ళే మోస్తాయి.”

తన పేరు మార్జరీ అని కూడా చెప్పింది, ఏదో పెళ్ళిలో పరిచయం చేసుకున్నంత తీరిగ్గా. డెబ్బై దాటి ఉంటాయి. డారిల్‌కి భయానికి తోడు సిగ్గు కూడా వచ్చిపడింది. ఇళ్ళ కప్పులెక్కి రేకులు బిగించే మనిషి, చంటిపిల్లాడిలా వణికిపోతున్నాడు మరి.

ఆవిడ చెప్పినట్టే పడుకున్నాడు. చెవుల్లో ఒకటే హోరు. ఒక అల ముఖం మీదుగా పోయింది. దగ్గాడు. మళ్ళీ నిటారుగా అయిపోయి నేల కోసం కాళ్ళు తన్నుకున్నాడు. చచ్చిపోతాను, చచ్చిపోతాను. బుర్రలో ఇంకో మాట లేదు.

ఒడ్డు చిన్నదైపోయింది. ఈతకు హద్దులుగా పాతిన ఎర్ర పసుపు జెండాలు అగ్గిపుల్లల్లా కనిపిస్తున్నాయి. ఆదివారం కదా, మునిగేవాళ్ళను కాపాడే క్లబ్బు ముందు సాసేజ్‌లు, ఉల్లిపాయలు వేగుతుంటాయి. పిల్లలు ఇసుకలో పరుగుపందేలు ఆడుతుంటారు. వాళ్ళలో అతని కూతురు బ్రీ కూడా ఉంది. ఇందాక అతను నీళ్ళలోకి పరుగెత్తుతుంటే స్నేహితులందరినీ పిలిచి మరీ చూపించింది, అదిగో మా నాన్న అని.

“చెయ్యెత్తు,” అంది మార్జరీ.

ఈ తీరంలో పసిపిల్లలక్కూడా తెలిసిన సంగతే. నీళ్ళలోంచి ఒంటి చెయ్యి నిటారుగా లేచిందంటే, మునిగిపోతున్నాను కాపాడండి అని. అది కనపడగానే క్లబ్బు బోటు బయల్దేరుతుంది.

“ఎత్తను,” అన్నాడు డారిల్. పళ్ళు టకటకమంటున్నాయి.

“ఎందుకట?”

“అందరూ చూస్తారు. మా అమ్మాయి ఉందక్కడ. ఇంక ఈ ఊళ్ళో తలెత్తుకు తిరగలేనండీ.”

“ముందు నీళ్ళపైన తలెత్తు. ఊళ్ళో సంగతి తర్వాత చూసుకుందాం.”

పోనీ మీరే ఎత్తండి అని బతిమాలాడు. ఒక చెయ్యి అతని గడ్డం కింద పెట్టి, ఇంకో చెయ్యి నీళ్ళలో ఆడిస్తూ ఉంది ఆవిడ. ఏ చెయ్యి వదిలినా మునిగేది నువ్వేనని తేల్చేసింది.

అంతలో వెనకనుంచి అల విరిగి మీదపడింది. డారిల్ నీళ్ళలో గిరగిరా తిరిగాడు. పైనేదో కిందేదో తెలియలేదు. ఊపిరి అయిపోయింది. బ్రీ ముఖం గుర్తుకు తెచ్చుకోబోతే అది కూడా రాలేదు. ఎవరో జుట్టు పట్టుకుని పైకి లాగారు.

మార్జరీయే. ఈసారి ఆవిడ పెదాలు నీలంగా ఉన్నాయి.

“ఇంకోటి వస్తోంది నాయనా. ఇంక నావల్ల కాదు,” అంది.

అది విని డారిల్ నిలువెల్లా చల్లబడిపోయాడు. ఇంతసేపూ తన చావుకే భయపడ్డాడు. ఈవిడ పోతే తనవల్లే పోతుంది. ఆ భయం ముందు మిగతా భయాలన్నీ తేలిపోయాయి. ఏడుస్తూనే చెయ్యి ఎత్తాడు. ఎత్తిన చెయ్యి దించలేదు.

బోటు వచ్చింది. నడుపుతున్న క్లబ్బు అమ్మాయి రోయిమాటా ఇంజను ఆపి డారిల్ ముఖం చూసింది, మార్జరీ ముఖం చూసింది, మళ్ళీ డారిల్ ముఖమే చూసింది. ముందు ఎవర్ని ఎక్కించాలని అడిగింది.

డారిల్ కళ్ళు మూసుకున్నాడు.

“ఈ అబ్బాయినే ఎక్కించమ్మా,” అంది మార్జరీ ఆయాసపడుతూ, “భుజం పట్టేసిందని నేను చెయ్యి పైకి చాపుకుంటే, మునిగిపోతున్నాననుకుని నన్ను కాపాడ్డానికి వచ్చాడు మీ క్లబ్బువాడు.”