తిట్టే వీధి

గోడ మీది మ్యాపు ముందు కుర్చీలో అభ్యర్థి కూలబడ్డాడు. గొంతు బొంగురుపోయింది.

"రేపెక్కడికయ్యా?"

"మిల్లు వెనక వీధికి సార్," అన్నాను. ఆయన ఎక్కడికి వెళ్ళాలో తేల్చేది నేనే.

"మొన్నే నీళ్ళు రావట్లేదని చెడామడా తిట్టారు కదా, మళ్ళీ అక్కడికా? హాయిగా స్టేషన్ రోడ్డుకు పోదాం. అక్కడ ఒక్కరూ నోరెత్తరు."

"అందుకే వద్దంటున్నా సార్. పోయిన ఎన్నికల్లో స్టేషన్ రోడ్డు వాళ్ళూ తిట్టారు. మనవాళ్ళేగా, ఎక్కడికి పోతార్లే అని మనం వెళ్ళలేదు. ఇప్పుడు నవ్వుతారు, నమస్కారం పెడతారు, తలుపేసుకుంటారు. తిట్టేవాళ్ళకి మన మీద ఇంకా ఆశ ఉంటుంది. అడగడం మానేశారంటే ఆ వీధి చెయ్యిదాటిపోయినట్టే. ఇక అక్కడ మన టైం దండగ."

ఆయన కళ్ళు మూసుకునే తలూపాడు.

నా ఫోన్ మోగింది. మా ఆవిడ. ఈ ఆదివారం కూడా ఇంటికి రాలేనని నసిగాను. మామూలుగా అయితే "ఆ ఆఫీసులోనే కాపురం పెట్టుకోండి" అని ఇల్లెగిరిపోయేలా అరిచేది.

"పర్లేదండీ, మీ పని చూసుకోండి," అంది మెత్తగా. ఫోన్ పెట్టేసింది.

ఆ మాట అభ్యర్థికీ వినబడింది. "అదృష్టవంతుడివయ్యా! మా ఆవిడైతే ఈపాటికి ఇల్లు పీకి పందిరేసేది."

చెయ్యిదాటిన చోటికి నేనింతవరకు ఎవర్నీ పంపలేదు. లేచి, స్కూటర్ తాళం కోసం జేబులు తడుముకున్నాను.