ఆర్గన్ ఆగిన చోటు

చర్చిల్లో ఆర్గన్లు వాటంతటవే మోగుతున్న రోజులవి. బందరు చర్చిలోని పాత గొట్టాల ఆర్గన్‌కి కూడా ఆ విద్య నేర్పారు. పక్షవాతం రాకముందు దయామణమ్మ వాయించిన పాటలన్నీ అది రికార్డు చేసుకుని దాచుకుంది.

శనివారం దాన్ని సరిచూస్తున్న ఇంజనీరు సుహాసిని దయామణమ్మని అడిగింది. "అమ్మగారూ, ప్రతి చరణం చివరా ఆగిపోతోందండి. ఏ ఊళ్లోనూ ఆర్గన్ ఇలా ఆగదు. ఆ ఖాళీలు తీసేయమంటారా?"

"ఖాళీలు కావమ్మా. మావాళ్లు చివరి మాట సాగదీస్తారు. వాళ్లు ముగించేదాకా ఆగేదాన్ని. ఉండనీ."

ఆదివారం దయామణమ్మ మొదటిసారి జనంలో బల్ల మీద కూర్చుంది. ఎవరూ తాకకుండానే ఆర్గన్ మీటలు కుంగి లేస్తున్నాయి. గొట్టాల హోరుకి పాదాల కింద నేల అదిరింది. అబ్బ, కింద కూర్చుని వింటే ఇంత బాగుంటుందా అనుకుంది.

ఇన్నేళ్లూ వాయించడమే గానీ నోరు విప్పి పాడింది లేదు. ఇవాళ పాడింది. పక్కకి లాగేసిన మూతితో మాటలు తడబడ్డాయి. అందరూ చరణం ముగించారు. ఆవిడకింకా చివరి మాట నోట్లోనే ఉంది.

ఆర్గన్ ఆగింది. ఆవిడ ఆ మాట పూర్తిచేశాకే రెండో చరణం ఎత్తుకుంది.