మొసలి, పులి, ప్రెస్సు

"ఇంట్లో కట్టెలు కొడుతుంటే వేళ్లు తెగాయన్నావా బాబాయ్?" అని అడిగింది లాయరమ్మ.

ఆస్పత్రి మంచం మీద, ఫ్యాక్టరీలో రేకులు నొక్కే ప్రెస్సు నడిపే మిషనాయన నవ్వాడు. "ఒకడితో మొసలి మింగిందన్నాను, ఒకడితో పులి కొరికిందన్నాను. సూపర్‌వైజరు ముఖం వేలాడేసుకొచ్చాడు. నవ్విద్దామని కట్టెలన్నానమ్మా."

"ఆ మాటే ఫోన్‌లో రికార్డు చేశాడాయన. పనిలో తగిలిన దెబ్బ కాదు కాబట్టి కంపెనీ వైద్యం చేయించదట."

మిషనాయన నవ్వు ఆగిపోయింది. "చెయ్యి లోపల పడకుండా ఉండే మిషను అడ్డురేకు వాడే విప్పించాడు, పని తొందరగా సాగాలని. చెయ్యి తీసేలోగా ప్రెస్సు పడింది."

"నిజమేనమ్మా," అంది పక్కనున్న భార్య. "పెళ్లయ్యాక ఈయన ఇంత చప్పగా చెప్పిన కథ ఇదొక్కటే."

"నీకు తెలుసు పిన్నీ. కోర్టుకెలా తెలుస్తుంది?"

మిషనాయన కట్టు కట్టిన చేతిని చూసుకున్నాడు.

"వాడు నా కోసమే బాధపడుతున్నాడనుకున్నానమ్మా."