స్కానమ్మ

"బిడ్డని చూపించమంటే తెర అటు తిప్పేసుకుంది. మనిషేనా అసలు?"

స్కానింగ్ గదిలోంచి బయటికి వస్తూనే టీచరమ్మ తన భర్త మీద విరుచుకుపడింది. పాపం, ఆయన చేసిన తప్పల్లా గుమ్మానికి ఎదురుగా నిలబడటమే.

ఆమెకి పెళ్లయి తొమ్మిదేళ్లు. రెండుసార్లు కడుపు నిలిచినట్టే నిలిచి, పోయింది. ఇప్పుడు ఐదో నెల. ఈ బిడ్డ దక్కుతుందో లేదోనని వారం రోజులుగా కంటిమీద కునుకు లేదు.

తోటి టీచర్లేమో తెరమీద ముక్కూ, మొహం, వేళ్లూ అన్నీ చూపిస్తారని ఊరించారు. ఆ ముచ్చట కోసం ఆమె మంచి బట్టలు కట్టుకుని మరీ వచ్చింది.

లోపల స్కాన్ తీసే ఆవిడ ఉలకదు, పలకదు. వదులుగా పెద్ద తెల్లకోటు, వాడిపోయిన మొహం. అక్కడ అందరూ ఆవిడని స్కానమ్మ అంటారట.

అరగంటలో అయ్యే పనికి గంట పైనే పట్టింది. ఎడమకి తిరగమంది. కుడికి తిరగమంది. బిడ్డ సర్దుకోవాలి, వరండాలో కాసేపు నడిచి రమ్మంది. మళ్లీ పడుకోబెట్టింది. మధ్యలో రెండుసార్లు తనే లేచి బయటికి వెళ్లొచ్చింది.

"ఏమైనా తేడాగా ఉందా?" అని టీచరమ్మ అడిగింది.

"డాక్టర్‌గారు చెబుతారమ్మా."

"మీకు కనబడుతోందిగా?"

"నేను చెప్పకూడదమ్మా. కాస్త కదలకండి."

స్కాన్ తీసేవాళ్లు తీస్తారు, చూసి చెప్పేది డాక్టరు. అక్కడి పద్ధతే అది. ఆ సంగతి టీచరమ్మకి ముందుగా ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే ఆ గంటా ముళ్లమీద పడుకున్నట్టు ఉండేది కాదు.

రిపోర్టు కోసం కూర్చున్నచోట గోడకి ఫిర్యాదుల పెట్టె, కింద కాగితాలు ఉన్నాయి. కాగితం కనబడితే ఊరుకునే రకం కాదు టీచరమ్మ.

"పోనీలేవే, ఒంట్లో బాగాలేదేమో," అన్నాడు భర్త.

"బాగాలేకపోతే సెలవు పెట్టాలి. నేను పెట్టడం లేదూ?" అంటూ గుండ్రటి అక్షరాలతో పేజీ నింపింది. ఇంకా కోపం తీరక కింద మరో వాక్యం చేర్చింది. 'కడుపుతో ఉన్న ఆడదాని మనసు తెలియని మనిషిని దయచేసి ఈ గదిలో పెట్టకండి.'

పెట్టెలో వేసిన ఐదు నిమిషాలకి డాక్టర్ పిలిచారు.

బిడ్డ గుండెలో నాలుగు గదులూ బాగున్నాయన్నారు. కానీ గుండెలోంచి బయటికి వెళ్లే రెండు పెద్ద రక్తనాళాలు ఒకదాని చోట ఇంకొకటి ఉన్నాయి. కడుపులో ఉన్నన్నాళ్లూ బిడ్డకి ఇబ్బంది లేదు, పుట్టాకే ప్రమాదం. మామూలు ఆసుపత్రిలో పుడితే ఏమైందో తెలిసేలోపే చేయి దాటిపోవచ్చు. గుండె డాక్టర్లు సిద్ధంగా ఉన్నచోట పుడితే బతికించుకోవచ్చు.

"ఇది అన్నిసార్లూ దొరకదమ్మా. బిడ్డ వీపు తిప్పి పడుకుంది. ఇంకొకరైతే నాలుగు గదులు చూసి అంతా బాగుందని పంపేసేవాళ్లు. మా స్కాన్ అమ్మాయి వదల్లేదు."

టీచరమ్మ రిపోర్టు పట్టుకుని ఏడ్చేసింది. ఆ ఏడుపులో కాగితం మాట గుర్తే లేదు.

నాలుగు నెలల తర్వాత పాప పెద్దాసుపత్రిలో పుట్టింది. ఒళ్లు నీలంగా మారుతుంటే చుట్టూ మనుషులు అప్పటికే సిద్ధంగా ఉన్నారు. వారం తిరక్కుండా ఆపరేషన్ చేశారు.

రెండో నెల వచ్చేసరికి పాప కడుపునిండా పాలు తాగి హాయిగా నిద్రపోతోంది. ఒక మధ్యాహ్నం ఆ నిద్ర చూస్తూ కూర్చున్న టీచరమ్మకి కాగితం గుర్తొచ్చింది. ప్రాణం చివుక్కుమంది.

మర్నాడే పాపని ఎత్తుకుని భర్తతో బయల్దేరింది. స్కానమ్మ చేతుల్లో పాపని పెట్టాలి, తప్పయిపోయిందని చెప్పాలి. దారంతా ఆ మాటలే వల్లె వేసుకుంది.

గదిలో వేరే ఎవరో ఉన్నారు.

బయట చీట్లు రాసే పెద్దావిడ పాపని చూసి మురిసిపోయింది. ఎవరికోసం వచ్చారో విన్నాక మొహం మారిపోయింది.

"ఆ పిల్ల మానేసిందమ్మా. ఎవరో ఫిర్యాదు రాశారు. పైవాళ్లు సంజాయిషీ అడిగితే ఒక్క ముక్క రాయలేదు. ఆ కాగితం చదివి, మడిచి సంచిలో పెట్టుకుని వెళ్లిపోయింది. డాక్టర్‌గారు బతిమాలినా ఆగలేదు."

"ఎక్కడుంటారో చెప్పండి, వెళ్తాను."

"ఊరే వదిలేసింది. ఫోనూ కలవడం లేదు."

టీచరమ్మ పాపని భర్త చేతికిచ్చింది. ఆ కాగితం రాసింది తనేనని చెప్పింది.

పెద్దావిడ నాలుగు చివాట్లు పెట్టి ఉంటే బావుండేది. పెట్టలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభమని టీచరమ్మ ఏటా పిల్లలకి చెబుతుంది. ఆవేళ ఆ మాట తనకే చెప్పుకోవాల్సి వచ్చింది.

"ఆ పూట చివరి స్కాన్ మీదే," అంది పెద్దావిడ నెమ్మదిగా. "డాక్టర్‌గారు ఇంటికి పొమ్మని ఎంత చెప్పినా వినలేదు. మీకు ఇదివరకు రెండు పోయాయని చీటీలో చూసిందట. వెనక్కి పంపితే బెంగపెట్టుకుంటుంది పాపం, చూసేసి వెళ్తానంది."

"ఇంటికెందుకు పొమ్మన్నారు?"

"పొద్దున మీరు రాకముందు అదే మంచం మీద ఆ పిల్లనీ పడుకోబెట్టి చూశారమ్మా, దానికీ ఐదో నెలే, లోపల బిడ్డ గుండె కొట్టుకోవడం లేదు."