తిరగేసిన గుంత

వీధి బోరు మీద నీళ్లు విషమని చెప్పే ఎర్రదీపం వెలగగానే జనమంతా వచ్చి మద్దిలేటి ఇంటి మీద పడ్డారు.

"గుంత తవ్వింది నువ్వే! ఎరువు అమ్ముకుంటావని మాకు తెల్దా?" సర్పంచి సుంకన్న అతని చొక్కా పట్టుకున్నాడు.

"బిడ్డ తోడన్నా, నేను ఆ పక్కకే పోలేదు!"

పేడ, ఆకులు, శనక్కాయల పొట్టు నింపి, పైన బంకమట్టి కప్పిన గుంత అది. నేలలోని యురేనియం ఆ కుళ్లుకు అతుక్కుని అక్కడే ఆగిపోతుంది. ఇప్పుడు ప్రతి బోరు పక్కనా అలాంటి గుంత ఉంది. కదిలించి గాలి తగలనిస్తే మాత్రం విషం మళ్లీ నీళ్లలో కలుస్తుంది.

గుంత కాపలా సునందది. ఆ పొద్దున్నే ఆమె తండ్రి నల్లమట్టి అంటిన పారతో ఇంటికొచ్చాడు. "ఎరువు దిబ్బను తిరగేయకుంటే ఎట్ల మాగుతాది మేయ్? నేను తిరగేసొచ్చినా," అన్నాడు గర్వంగా. సునంద ఎవరికీ చెప్పకుండా పార కడిగి దాచేసింది. అప్పుడే చెప్పి ఉంటే ఎవరూ బిందెలు నింపుకునేవారు కాదు.

"వీని ఇంటికి కొళాయి బంద్ చేయండి!" అని అరిచాడు సుంకన్న.

మద్దిలేటి భార్య చంకలోని బిడ్డ పెదాలను కొంగుతో తుడుస్తూనే ఉంది. "ఇప్పుడే తాపితినక్కా... ఏం కాదు కదా?" అని సునందనే అడిగింది.

సునంద సుంకన్న దగ్గరికి వెళ్లి అతని చెయ్యి పట్టుకుంది.

"వాన్ని ఇడ్సిపెట్టన్నా. మా కొళాయి కొయ్యి. పార కడిగి దాచింది నేను. గుంత తిరగేసింది మా నాయన, ఓబుళపతి."