నీళ్లగ్లాసు మీద గీతలు

మున్సిపాలిటీ ఇంటింటికీ పంచిన, కంటి ముందున్నదాని మీద కంప్యూటర్ బొమ్మలు కలిపి చూపే బ్రౌజర్ కళ్లజోడులో ఆ పొద్దున ఎటు చూసినా ఆకుపచ్చ గీతలే. అలాంటి జోడే పెట్టుకున్న కూతురు తాగబోతున్న నీళ్లగ్లాసు మీదా అవే కనబడేసరికి శేషుకుమారి గుండె గుభేలుమంది.

"ఆగవే జాహ్నవీ!" అని అరిచి హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసింది.

"కంగారుపడకండమ్మా, గ్రాఫిక్స్ ఒకసారి ఆపి మళ్లీ పెట్టండి," అంది అవతలి అమ్మాయి.

ఆపింది. గీతలతోపాటు నీళ్ల తేటదనమూ పోయింది. గ్లాసునిండా మడ్డి, అందులో మెలికలు తిరుగుతున్న పురుగు.

"ఛీ! ఇన్నాళ్లూ పిల్ల చేత ఇదా తాగించారు?"

"మళ్లీ పెట్టేయండమ్మా, శుభ్రంగానే కనబడతాయి."

"నా జోడులో గీతలు పోయాయమ్మా," అంటూ జాహ్నవి గ్లాసు ఎత్తింది.

శేషుకుమారి ఆ పిల్ల కళ్లజోడు లాగేసింది. పిల్ల చేతిలోంచి గ్లాసు దానంతటదే జారిపడింది.